కణానికి సొంత స్వభావం ఉందా?

వస్తువు స్వభావం దానిలోనే ఉంటుందా, చుట్టూ ఉన్నవాటిని బట్టి ఏర్పడుతుందా అన్నది భారతీయ దర్శనాల్లో పాత చర్చ. ఇతరాలపై ఆధారపడి పుట్టినదానికి సొంత స్వభావం ఉండదని ఆచార్య నాగార్జునుడు వాదించాడు. కార్యం కారణంలో ముందే అవ్యక్తంగా ఉంటుందని సాంఖ్యుల మతం. మృదులాస్థిని ప్రయోగశాలలో పెంచే పనిలో ఈ రెండు వాదాలూ ఎదురుపడతాయి.

కీళ్లలోని మృదులాస్థికి రక్తనాళాలు, నరాలు ఉండవు. అందుకే దెబ్బ తింటే సరిగా మానదు. అందులో కణాలు నూటికి ఒకటి రెండు పాళ్లే, మిగిలినదంతా కణాల చుట్టూ ఉండే మాతృక. రెండో రకం కొల్లాజెన్ పోగులు, నీటిని పట్టి ఉంచే ప్రోటియోగ్లైకాన్లు అందులో ముఖ్యమైనవి. వాటిని తయారుచేసేది ఆ కొద్దిపాటి కణాలే.

కణాల కోసం మోకాలిలో బరువు అంతగా పడని చోటు నుంచి చిన్న ముక్క తీసి, సన్నగా తరిగి, కొల్లాజినేజ్ ఎంజైమ్‌లో నానబెడతారు. మాతృక కరిగి కణాలు విడివడతాయి. వాటిని వడకట్టి, కడిగి, పోషక ద్రవంలో పెంచుతారు. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ వైద్యులు ఇలా పెంచిన సొంత కణాలను 23 మంది రోగుల మోకాళ్లలో అమర్చి, ఫలితాలను 1994లో ప్రచురించారు.

అయితే పాత్ర అడుగున పెరిగేకొద్దీ గుండ్రటి కణం చదునుగా సాగుతుంది. రెండో రకం కొల్లాజెన్ తగ్గి, చర్మంలోనూ ఎముకలోనూ ఉండే మొదటి రకం తయారవుతుంది. జన్యువులు అవే, పని మారుతుంది. అలాంటి కణాలను అగరోజ్ జెల్‌లో ఉంచితే మళ్లీ మృదులాస్థి లక్షణాలు చూపుతాయని పరిశోధకులు బెన్యా, షాఫర్ 1982లో నిరూపించారు.

మాతృకను విడిగా సిద్ధం చేయాలంటే కణజాలాన్ని డిటర్జెంట్లతో కడిగి కణాలను, డీఎన్‌ఏను తొలగిస్తారు. మృదులాస్థి దట్టమైనది; ద్రావణం లోపలికి చేరడం కష్టం. ఎక్కువసేపు కడిగితే ప్రోటియోగ్లైకాన్లూ పోతాయి. మిగిలిన చట్రానికి ఆకారం ఉంటుంది కానీ, కణాలు చేరేదాకా తనను తాను బాగుచేసుకోలేదు.

విడిపోయిన కణం తన తీరు నిలుపుకోలేదు. కణాలు లేని మాతృక సజీవ కణజాలం కాలేదు. ఇంతవరకు నాగార్జునుడి వాదానికే బలం. కానీ అగరోజ్ సముద్రపు నాచు నుంచి తీసేది; అందులో మృదులాస్థి లక్షణమేదీ లేదు. తిరిగి వచ్చిన లక్షణం కణంలో అణగి ఉన్నదే. ఇది సాంఖ్యులకు ఊతం. ఆ సామర్థ్యం సైతం పిండదశలో పొరుగు కణాల సంకేతాల వల్ల కలిగిందేనని నాగార్జునుడి అనుయాయులైన మాధ్యమికులు జవాబు చెప్పవచ్చు. ప్రయోగం దర్శనాల తగవు తీర్చదు. ఒక్కటి మాత్రం తేల్చింది: కణం గుణం నిలవాలంటే దానికి తగిన చోటునూ సిద్ధం చేయాలి.