మూత తీసే ముందు ఒక ప్రశ్న

కొత్తగా తెచ్చుకున్న పాము బతికే ఉందా లేదా అని రాత్రి రెండు గంటలకు లేచి టార్చి వేసి చూశారా? కదలకపోతే మూత తీసి వేలితో తట్టారా? అయితే ఈ నాలుగు మాటలు మీకోసమే.

ముందు ఒక సంగతి. మన దేశపు అడవి పాములను పట్టి ఇంట్లో పెంచుకోవడానికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. ఇక్కడ మాట్లాడుకునేది అమెరికాలోనో, బ్రిటన్‌లోనో, చట్టం ఒప్పుకున్న చోట ఉంటూ బాల్ పైథాన్ అనే చిన్న కొండచిలువను తెచ్చుకున్నవారి గురించి. అక్కడ పెరిగే మన పిల్లలు కుక్కపిల్లను అడిగినట్టే దీన్నీ అడుగుతారు. తెచ్చాక కంగారు పడేది పెద్దవాళ్ళు.

ఈ పాము పుట్టిల్లు ఆఫ్రికా పడమటి దేశాలు. ఘనా, టోగో, బెనిన్ లాంటి చోట్ల ఎలుక బొరియల్లో, చెదపుట్టల్లో పగలంతా దాక్కుని రాత్రి బయటికి వస్తుంది. భయమేస్తే తల లోపల పెట్టుకుని బంతిలా చుట్టుకుంటుంది. ఆ పేరు అందుకే వచ్చింది. చేతిలో అలా చుట్టుకుని ఉంటే, "అబ్బ, ఎంత మచ్చికైందో" అని మనం మురిసిపోతాం. అది మచ్చిక కాదు, భయం.

అందుకే తెలిసినవాళ్ళు ఒకే మాట చెబుతారు: మొదటి వారం ముట్టుకోకండి. పెట్టెలో ఒకవైపు 31 నుంచి 33 డిగ్రీల సెల్సియస్ వెచ్చదనం, రెండోవైపు 26 డిగ్రీల దగ్గర చల్లదనం ఉండాలి. వేడి హద్దు దాటకుండా థర్మోస్టాట్ పెట్టాలి. రెండువైపులా ఒళ్ళు ఇరుకుగా పట్టే చీకటి గూడు ఒక్కొక్కటి, ఒక గిన్నెలో నీళ్ళు. అంతే. ఒకటి రెండుసార్లు తిన్నాకే చేతిలోకి తీసుకోవాలి. తిన్న ప్రతిసారీ మళ్ళీ రెండు రోజులు వదిలేయాలి.

వినడానికి ఎంత తేలిక! చేయడానికి ఎంత కష్టం! ఎందుకు కష్టం? ఏమీ చేయకుండా ఉండటం మనకు చేతకాదు కాబట్టి. భయం చేతిలోకి దిగుతుంది, చేయి మూత మీదికి పోతుంది. మూత తీస్తాం, గూడు ఎత్తుతాం, పాము కదులుతుంది, "హమ్మయ్య" అనుకుంటాం. మన గుండె కుదుటపడింది. మరి దాని సంగతి? దాక్కున్న చోటు కూడా క్షేమం కాదని దానికి తెలిసింది. బెదిరిన పాము తిండి ముట్టదు. తినకపోతే మన భయం రెట్టింపవుతుంది, మళ్ళీ మూత తీస్తాం. దుఃఖం దుఃఖాన్ని ఎలా కంటుందో చూడటానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ అక్కరలేదు.

నాగుల చవితినాడు పుట్టలో పాలు పోస్తాం. పాము పాలు తాగదు. ఆ పాలు చల్లార్చేది మన మనసును. గుండె నిండా భక్తితోనే పోస్తాం, అయినా పుట్టలో ఉన్న ప్రాణికి ఏం కావాలో అడగం. అద్దాల పెట్టె దగ్గర మన కంగారు కూడా సరిగ్గా ఇలాంటిదే. కాబట్టి మూత మీద చేయి పడిన ప్రతిసారీ ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇప్పుడు నేను తీర్చబోయేది ఎవరి బాధ? దానిదా, నాదా?

అలాగని పట్టించుకోవద్దని కాదు. ఉపేక్షకు దగ్గరి శత్రువు ఒకటుందని బౌద్ధ గ్రంథాలు హెచ్చరిస్తాయి. చూడటానికి ఉపేక్షలాగే ఉంటుంది, లోపల మాత్రం తెలియనితనం. పామును గదిలో పడేసి మర్చిపోవడం ఉపేక్ష కాదు. ఎరుకతో చూస్తూ, అవసరమైనప్పుడే చేయి పెట్టడం ఉపేక్ష.

క్వారంటైన్ ఆ ఎరుకకు మంచి బడి. కోవిడ్ రోజుల్లో ఆ మాట మనందరి నోటా నానింది. ఇంట్లో ముందే పాములుంటే కొత్తదాన్ని వేరే గదిలో ఉంచాలి. 30 రోజులు కనీసం, 90 రోజులైతే మేలు. కింద తెల్ల పేపర్ టవల్ పరవాలి. మైట్స్ అనే చిన్న నల్ల పురుగులు దాని మీద ఇట్టే కనిపిస్తాయి. పాత పాముల పని ముందు చూసుకుని, కొత్తదాని దగ్గరికి చివర వెళ్ళాలి. గిన్నె, పట్టకారు దేనివి దానికే. ముందూ వెనకా చేతులు సబ్బుతో కడగాలి. సరీసృపాల నుంచి మనుషులకు సాల్మొనెల్లా సోకుతుంది కాబట్టి, ఐదేళ్ళలోపు పిల్లలున్న ఇంటికి ఇవి తగవు. కొండచిలువల్లో ఊపిరితిత్తులను పట్టే నిడోవైరస్ లాంటివి పైకి ఏ గుర్తూ చూపకుండా లోపల ఉండగలవు. సరీసృపాలు తెలిసిన వెటర్నరీ డాక్టరు చేత పెంట పరీక్ష, వైరస్ పరీక్ష చేయించడం అందుకే.

ఇక భయానికి ఒక వేళ కేటాయించండి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడండి, అద్దం బయటి నుంచే. ఉష్ణోగ్రత, తిన్నది, విసర్జించినది, కుబుసం విడిచింది నోటు పుస్తకంలో రాయండి. మొదటి వారం దాటాక వారానికోసారి తూకం వేయండి. నోరు తెరిచి ఊపిరి తీయడం, ముక్కు దగ్గర బుడగలు, గురగుర చప్పుడు, తిన్నది కక్కడం, బరువు పడిపోవడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళండి. తినకపోవడం ఒక్కటే అయితే? ఆరోగ్యంగా ఉన్న పెద్ద బాల్ పైథాన్ వారాల తరబడి ఉపవాసం ఉండగలదు. పిల్ల పాముకు అంత నిల్వ ఉండదు, దాని తూకం మీద ఇంకాస్త కన్నుండాలి. భయం ఊహ మీద బతుకుతుంది. ఎరుక తూకం అడుగుతుంది.

ఒక కష్టమైన మాట కూడా చెప్పుకోవాలి. పాము ఎలుకను తింటుంది. దాన్ని మార్చలేం, మార్చకూడదు కూడా. అయితే దాన్ని అడవిలో కాక మన ఇంట్లో పెట్టుకున్నది మనం. ప్రాణహింస చేయనని మొదటి శీలం తీసుకున్నవారు తెచ్చుకోకముందే ఆలోచించాల్సిన విషయం ఇది. తెచ్చేశాక ఆకలితో మాడ్చడం శీలం అనిపించుకోదు. ముందే చంపి గడ్డకట్టించి అమ్మే ఎలుకను కరిగించి, వెచ్చచేసి పెట్టడం వల్ల ఎలుక పెట్టెలో భయంతో చావదు, పాముకు దాని కాటూ తగలదు. బరువు మాత్రం పూర్తిగా దిగదు. దిగిందని మనల్ని మనం నమ్మించుకోనక్కరలేదు.

అంగుత్తర నికాయంలో అహి సుత్తం ఉంది. ఒక భిక్ఖువు పాము కాటుతో చనిపోయినప్పుడు, నాలుగు సర్పకులాల పట్ల మైత్రి నింపుకోమని బుద్ధుడు చెప్పిన సందర్భం అది. గమనించండి, ఆ మైత్రి పామును దగ్గరికి పిలవదు. తిరిగి ప్రేమించమని అడగదు. ఎవరికీ హాని జరగకూడదనీ, ఎవరి దారిన వారు వెళ్ళాలనీ కోరుతుంది. కుక్క తోక ఊపుతుంది, పిల్లి ఒళ్ళో పడుకుంటుంది. పాము అలాంటి బదులేమీ ఇవ్వదు. మీ వాసనకు అలవాటు పడి, మీరు ప్రమాదం కాదని తెలుసుకుంటే అదే ఎక్కువ. బదులు రాని చోట కూడా శ్రద్ధ తగ్గకుండా ఉంటే, అప్పుడు మన మైత్రి ఏపాటిదో మనకు తెలుస్తుంది.

ఈ రాత్రి మళ్ళీ మెలకువ వస్తే మంచం మీదే కూర్చోండి. ఛాతీలో బిగువును గమనించండి. మూడు ఊపిర్లు తీసుకుని, "ఇది భయం" అని దానికి పేరు పెట్టండి. వేడి సరిగా ఉందా, నీళ్ళున్నాయా, గూడు ఉందా? సాయంత్రమే చూసి రాసుకున్నారు కదా. ఇక మూత తీయకండి. అది చీకట్లో తన పని తాను చేసుకుంటోంది. మీరు పడుకోండి.