దాచిన తలాంతు, నడిచిన బండి

ధ్యానభాగము: మత్తయి 25:14–30



దేవుడు మన చేతికిచ్చిన మంచి వస్తువును చెడకుండ దాచుట భక్తియా? లేక అరిగిపోవునని తెలిసియు వాడుట భక్తియా? ఇది పండితులకు మాత్రమే కలుగు ప్రశ్న కాదు. పెట్టె అడుగున పట్టుచీర మడిచిపెట్టిన ప్రతి యింటను, గుడ్డలో చుట్టిన క్రొత్త బైబిలు బీరువాలో నున్న ప్రతి సంఘములోను ఈ ప్రశ్న యున్నది.

అమెరికా దేశమున న్యూయార్క్ రాష్ట్రములో ఇర్వ్ గోర్డన్ అను సైన్సు పంతులు ఉండెను. ఆయన 1966లో ఎఱ్ఱని వోల్వో 1800 ఎస్ కారు నొకదానిని కొనెను. అది స్పోర్ట్స్ కారు. అనగా సొగసు కొరకును వేగము కొరకును చేసిన బండి. అట్టి బండి కొన్నవారు అనేకులు దానిని షెడ్డులో పెట్టి, గుడ్డ కప్పి, సెలవుదినమున మాత్రమే బయటికి తీయుదురు. మైళ్లు పెరిగినకొలది వెల తగ్గునని వారి భయము. ఈ పంతులైతే రానుపోను దినమునకు సుమారు 125 మైళ్లు, అనగా 200 కిలోమీటర్లు, ఆ బండిలోనే పనికి పోయి వచ్చుచుండెను. 1987లో 10 లక్షల మైళ్లు, 2002లో 20 లక్షలు, 2013లో అలాస్కాలో 30 లక్షలు నిండెను. 30 లక్షల మైళ్లనగా 48 లక్షల కిలోమీటర్లు. చంద్రునియొద్దకు ఆరు మారులు పోయి వచ్చినంత దూరము! 2018లో మరణించువరకు ఆయన ఆ బండిని విడువలేదు.

కదలని బండి క్షేమముగా నుండునని మనము తలంతుము. అది నిజము కాదు. నిలిచియున్న బండిలో బాటరీ చచ్చును, పెట్రోలు చెడును, రబ్బరు ఎండి పగులును, తేమ చేరి ఇనుము తుప్పు పట్టును. నాగటి కఱ్ఱు సంగతి మన రైతులకు తెలియును గదా! దున్నుచున్న కఱ్ఱు మెరయును. చూరున పెట్టిన కఱ్ఱు ఎఱ్ఱబారును. అరణ్యములో మరునాటికని దాచిన మన్నా పురుగు పట్టెను (నిర్గమ. 16:20).

ఇప్పుడు మూడవ దాసుని చూడుడి. వాడు తలాంతును దొంగిలలేదు, త్రాగి తగులబెట్టలేదు. ఇచ్చినది ఇచ్చినట్లే తిరిగి అప్పగించెను. అయినను నిందింపబడెను. ఏలయనగా తాను భయపడితినని వాడే ఒప్పుకొనెను. యజమానుడు కఠినుడని తలంచెను. దాచుట వెనుక దాత యెడల అపనమ్మిక యుండెను. ఇచ్చినవాడు మరల ఇయ్యడేమో అను శంకయే ఆ గొయ్యి త్రవ్వినది.

“అయ్యా, మాకున్నది ఒక్కటే, అది పోయిన మరల కొనలేము” అని బీదరాలైన తల్లి చెప్పిన యెడల ఆమెను మేము తప్పుపట్టము. ఆమె భయము ఆకలిని ఎరిగిన భయము. సారెపతు విధవరాలికిని పట్టెడు పిండియే మిగిలియుండెను. ప్రభువు ఆమెను గద్దింపలేదు. ఆ పిండిని వాడించి, తొట్టి తరిగిపోకుండ కాపాడెను (1 రాజులు 17:12–16).

ఇంకొక మాట. వాడుట వేరు, పాడుచేయుట వేరు. ఆ పంతులు బండిని నడిపినంత శ్రద్ధగా పోషించెను. వేళ తప్పక ఇంజను నూనె మార్పించెను. ఎద్దును దున్నించుమని చెప్పిన దేవుడే ఏడవ దినమున ఎద్దుకు విశ్రాంతి నిమ్మనెను (నిర్గమ. 23:12). రాత్రింబగళ్లు చాకిరి చేయు భార్యను, కోడలిని చూచి “వాడబడుచున్నది, ధన్యురాలు” అనువాడు ఈ ఉపమానమును తలక్రిందులుగా చదివినవాడు. విశ్రాంతినియ్యక వాడుట యజమానుని సొత్తును నాశనము చేయుటయే.

మైళ్ల లెక్కయే పుణ్యము కాదు. ఐదు తలాంతులు సంపాదించినవానికిని, రెండు సంపాదించినవానికిని ప్రభువు పలికిన మెప్పు ఒక్కటే (21, 23 వచనములు). ఎంత దూరము పోయితివని గాక నమ్మకముగా నుంటివా అని ఆయన అడుగును. మంచము పట్టిన అవ్వ పొరుగింటి బిడ్డకొరకు చేయు ప్రార్థన ఆమె తలాంతు. అదియు నడుచుచున్న బండియే.

కావున ఈ మాసమున ప్రతి సంఘమును తన్ను తాను పరీక్షించుకొనవలెను. పిల్లలు ముట్టి పాడుచేయుదురని హార్మోనియమునకు తాళము వేసితిమా? తాళము తీసి వారికి నేర్పుదము. చదువుకొన్న యౌవనస్థుని “ఇంకను చిన్నవాడు” అని వెనుక కూర్చుండబెట్టితిమా? వానిచేత వాక్యము చదివింతము. బైబిలు అంచులు నలిగిన నలుగనిమ్ము. మన బాహ్యపురుషుడు కృశించుచున్నను ఆంతర్యపురుషుడు దినదినము నూతనపరచబడుచున్నాడని అపొస్తలుడు సాక్ష్యమిచ్చుచున్నాడు (2 కొరింథీ. 4:16).

ప్రభువా, నీవిచ్చినదానిని భయముచేత పాతిపెట్టకుండను, నిర్లక్ష్యముచేత పాడుచేయకుండను మమ్మును కాపాడుము. ఆమేన్.