ఆ గంట ఎవరిచ్చారు?

రాసుకోవడానికి ఏం కావాలి అని ఎవరినైనా అడిగి చూడండి. కాగితం, కలం అంటారు మగవాళ్ళు. ఆడవాళ్ళు మాత్రం కాస్త ఆగి, "ఎవరూ పిలవని ఒక గంట" అంటారు.

తలుపున్న గది, కిటికీ పక్కన బల్ల, ఎడమవైపు నుంచి వెలుతురు, వీపుకి ఆనే కుర్చీ ఉంటే మంచిదే. కాదనను. అవి లేకపోయినా నడుస్తుంది. వెనక వసారాలో చాప మీద కూచుని, పిల్లలు వదిలేసిన పరీక్ష అట్ట ఒళ్ళో పెట్టుకుని రాస్తాను నేను. గాలికి కాగితాలు ఎగిరితే పోపుల డబ్బా బరువు పెడతాను. సెల్‌ఫోను బియ్యం డబ్బా మీద వదిలేసి వస్తాను. అన్నిటికీ ఉపాయం ఉంది. ఉపాయం లేనిది ఒక్కటే: "అమ్మా, నా టవలేడుంది?" టవలు ఎప్పుడూ ఉండే తాడు మీదే ఉంటుంది. వెతికేది టవలుని కాదు, మనల్ని!

"నిజంగా రాసేవాళ్ళు ఎక్కడైనా రాస్తారమ్మా" అని ఒక పెద్దమాట ఉంది. దానికి మా నిజామాబాదులో చూపించే సాక్ష్యం కూడా చాలా పెద్దది. 1948లో దాశరథి కృష్ణమాచార్యగారిని నిజాం ప్రభుత్వం ఇందూరు ఖిల్లా జైల్లో పెట్టింది. అప్పటికాయన ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ కుర్రవాడు. పళ్ళు తోముకోవడానికిచ్చిన బొగ్గుతో జైలు గోడమీద పద్యం రాశాడని ఇప్పటికీ ఇక్కడ కథలుగా చెప్పుకుంటారు. ఖిల్లా వైపు వెళ్ళినప్పుడల్లా ఆ గోడ తలుచుకుని మనసులోనే దణ్ణం పెట్టుకుంటాను.

అయితే ఆ గోడని తీసుకొచ్చి వంటింటి గుమ్మంలో నిలబెట్టి, "ఆయన జైల్లో రాసిండు, నీకు ఇంట్ల ఏం తక్కువైంది?" అంటే మాత్రం ఒప్పుకోను. జైలు కష్టం ముందు మన కష్టం ఎంత? పోల్చడమే తప్పు. కానీ పోలిక తెచ్చింది వాళ్ళు గనక చెబుతున్నాను. జైలు ఆయన స్వేచ్ఛని లాక్కుంది, పద్యం మధ్యలో లేపి పప్పులో ఉప్పు వేశావా అని అడగలేదు. పైగా ఆయన పక్కన వట్టికోట ఆళ్వారుస్వామిగారు ఉన్నారు. పద్యం పుట్టగానే వినే మనిషి, దాని విలువ తెలిసిన మనిషి. 1949లో వచ్చిన తన మొదటి కవితా సంపుటి 'అగ్నిధార'ని దాశరథిగారు ఆయనకే అంకితమిచ్చారు. అంటే, కటకటాల వెనక కూడా రాతకి ఒక తోడు కావలసి వచ్చిందన్నమాట.

పోనీ, నిశ్శబ్దం ఉంటే చాలా? మా ఎడపల్లి పక్కనే అలీసాగర్ ఉంది. నిజాం కాలంనాటి జలాశయం, తోట, గుట్టమీద అతిథి గృహం. అక్కడ కూచుంటే ఎవరికైనా రాయాలనిపిస్తుంది. కానీ ఆదివారం అక్కడికి వెళ్ళిన ఆడవాళ్ళని చూడండి. టిఫిను గిన్నెలు విప్పి, అందరికీ వడ్డించి, మళ్ళీ కడిగి సర్దుకునేసరికి పొద్దు గుంకుతుంది. నీళ్ళు చూసేది మిగతావాళ్ళు.

మా బోధన్ రోడ్డు సంగతీ అంతే. నిజాం చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో క్రషింగ్ సీజన్ వస్తే చెరకు బండ్ల, లారీల రొద. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. రొద తగ్గింది. ఆ నిశ్శబ్దం ఎవరికి సుఖమిచ్చింది? ఎన్నో ఇళ్ళల్లో జీతం ఆగిపోయిన నిశ్శబ్దం అది.

కాబట్టి ప్రశ్న గది గురించీ కాదు, చప్పుడు గురించీ కాదు. నాకొక గంట కావాలంటే, ఆ గంటలో నా పని ఎవరు చేస్తారు? ధర్మసందేహం అక్కడుంది.

ఇంగ్లండులో జేన్ ఆస్టిన్‌కి వేరే గది లేదు, ఇంటిల్లిపాదీ తిరిగే గదిలోనే రాసింది. కిర్రుమనే తలుపుని బాగుచెయ్యనివ్వలేదట, ఎవరైనా వస్తే ముందే తెలుస్తుందని. ఈ ముచ్చట అందరూ చెబుతారు. చెప్పనిది ఇంకొకటుంది. ఆ ఇంటి పని చాలామటుకు అక్క కసాండ్రా, స్నేహితురాలు మార్తా లాయిడ్ చూసుకునేవారు. జేన్ వంతు పొద్దుటి ఫలహారం, టీ చక్కెరల జాగ్రత్త. ఆ నవలల వెనక ఇద్దరాడవాళ్ళు ఇచ్చిన గంటలున్నాయి.

ఆడది రాయాలంటే ఏడాదికి అయిదువందల పౌన్లూ, తాళం వేసుకునే గదీ కావాలని వర్జీనియా ఊల్ఫ్ 1929లో పుస్తకమే రాసింది. ఆ పుస్తకంలో కథ చెప్పే ఆవిడకి ఆ డబ్బు ఎక్కడిదో తెలుసా? మేనత్త ఇచ్చిపోయినది. ఆ మేనత్త మన బొంబాయిలో గుర్రం మీంచి పడి చనిపోయిందట! అప్పుడు మన దేశం ఎవరి చేతిలో ఉందో తలుచుకుంటే, ఆ గది అద్దెలో మనవాళ్ళ కానీ కూడా ఒకటి ఉందేమో అనిపిస్తుంది నాకు.

ఇదంతా చెప్పి, అందుకని మనం రాయకూడదు అంటానా? అస్సలు అనను. తరతరాలుగా మగవాళ్ళు అలాంటి గంటలు తీసుకున్నారు, లెక్క అడిగినవాళ్ళు లేరు. మనమూ తీసుకుందాం. కాకపోతే అడిగి తీసుకుందాం, మళ్ళీ ఇద్దాం. నేను తలుపేసుకుని ధర్మం గురించి రాస్తూ, కోడల్ని పొయ్యి దగ్గర నిలబెడితే, ఆ వ్యాసం ఎంత బాగున్నా అందులో ఒక అబద్ధం ఉన్నట్టే.

మా ఇంట్లో మధ్యాహ్నం మూడు నుంచి నాలుగు నాది. సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది మా కోడలిది. గ్రూపు పరీక్షలకి చదువుతోంది. "అత్తమ్మా, నువ్వు రాసుకో, పాలోడొస్తే నేను చూస్త" అంటుంది. రాత్రి రొట్టెలు నేను కాలుస్తాను. మూడింటికి చాయ్ మావారు స్వయంగా పెట్టుకుంటారు. చక్కెర సీమ మనిషి కదా, చెంచాకి లెక్కుండదు.

ఇక గిన్నెలు తోమే ఆమె సంగతి. ఆమె రాకపోతే నా గంట లేదు, కోడలి గంటా లేదు. పండక్కి చీర పెడితే ఆ బాకీ తీరదు. వారానికొక రోజు జీతం కోయని సెలవన్నాం. ఆ రోజు ఏం చేస్తావని అడిగితే నవ్వి, "ఏం చెయ్యనమ్మా, పంట" అంది. పడుకుంటుందన్నమాట! అది ఆమె గంట, ఆమె ఇష్టం.

మీ ఇంట్లో ఆ గంట ఎవరి దగ్గరుందో ఒకసారి వెతికి చూడండి. టవల్లా తాడు మీద మాత్రం ఉండదు. అడగాల్సిందే.