మనశ్శిక్ష – అమానిత్వము

హైదరాబాదు నగరమున అమీర్‌పేటలో మైత్రీవనమను భవనము కలదు. దాని చుట్టుపట్ల వీథులలో కంప్యూటరు విద్యలు నేర్చుటకును, ఉద్యోగపరీక్షలకు సిద్ధపడుటకును ఊరూరినుండి వచ్చిన యువజనులు వేలసంఖ్యలో హాస్టళ్లయందు వసించుచున్నారు. పేరు పెట్టినవారి తలపేమో గాని, మైత్రి యనునది బౌద్ధులు చెప్పు నాలుగు భావనలలో మొదటిది. మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్ష యను ఈ నాలుగింటిని పతంజలి మహర్షియు చిత్తము తేరుటకు సాధనములుగా యోగసూత్రములలో గ్రహించెను. ఇచట ఉపేక్ష యనగా అలక్ష్యము కాదు. మనస్సు తూకము తప్పకుండుట.

అచటికి చేరువనే పంజగుట్టలో నాగార్జున సర్కిల్ అను కూడలి యున్నది. ఆ పేరు వినగనే శ్రీపర్వతవాసిగా ప్రసిద్ధుడైన ఆచార్య నాగార్జునుడు స్మరణకు వచ్చుట సహజము. ఆయన శాతవాహన రాజునకు వ్రాసిన సుహృల్లేఖలో లాభనష్టములు, సుఖదుఃఖములు, కీర్త్యపకీర్తులు, నిందాస్తుతులు అను ఎనిమిది లోకధర్మములయందు సముడవై యుండుమని హితవు చెప్పెను. వైష్ణవులకిది క్రొత్తమాట కాదు. గీత పండ్రెండవ అధ్యాయమున భగవానుడు తన ప్రియభక్తుని లక్షణములలో దీనిని చెప్పియే యున్నాడు. సిద్ధాంతభేదము ఉండనే యున్నది; మనస్సు చేయు మాయ మాత్రము అందరి యింటను ఒక్కటే.

అమీర్‌పేటలో చదువుకొను యువకు నొకని ఊహింతము. పరీక్ష తప్పిన దిగులుతో అతడు ధ్యానము నారంభించెను. తెల్లవారుజామున గంటసేపు శ్వాసను గమనించుచు కూర్చుండును. కొన్ని నెలలకు మనస్సు కుదుటపడెను. అంతవరకు మేలే. పిమ్మట దినములు లెక్కించుకొన మొదలిడెను. గదిలోని తోడివాడు ప్రొద్దెక్కువరకు నిద్రించినచో చులకనగా చూచును; కుక్కరు కూతపెట్టినచో కసరుకొనును. ఇంతలో నాయనమ్మను పంజగుట్ట నిమ్స్ ఆసుపత్రిలో చేర్చిరి. "నాన్నా, కాస్త గంజి కాచి తీసుకురా" అని తల్లి వేకువనే ఫోను చేసినది. "ధ్యానం అయ్యాక తెస్తానమ్మా" అని బదులు వచ్చినది. గంజి చేరునప్పటికి ముసలామె ఎదురుచూచి చూచి నిద్రపోయినది.

వినయము లోపించినదన్నచో అతడు ఒప్పుకొనడు. తాను ఎవరిని ఏమియు అనలేదు కదా! గీత పదమూడవ అధ్యాయమున చెప్పిన ఇరువది జ్ఞానసాధనములలో అమానిత్వము మొదటిది. దానికి భగవద్రామానుజులు తమ గీతాభాష్యమున, ఉత్తములయెడ తిరస్కారభావము లేకుండుట యని అర్థము చెప్పిరి. తన్ను తాను కించపరచుకొనుమని వారు చెప్పలేదు. చూపు ఎదుటివారి వైపునకు త్రిప్పిరి.

పాంచరాత్రాగమము భక్తుని దినమును అభిగమనము, ఉపాదానము, ఇజ్య, స్వాధ్యాయము, యోగము అని ఐదు కాలములుగా విభజించినది. ధ్యానరూపమైన యోగము వానిలో చివరిది. ఉపాదానమనగా ఆరాధనకు వలసిన ద్రవ్యములను సమకూర్చుకొనుట. పూలు కోయుట, బియ్యము తెచ్చుట ఇవియు భగవత్సేవయే యని పెద్దలెంచిరి. ఆ యువకుడు వెంటనే లేచి గంజి కాచియున్నచో అతని యోగమునకు లోటేమి? రాత్రి ఇంకను మిగిలియే యున్నది.

తూకమును గూర్చి బౌద్ధులు చెప్పు సోణుని కథ పలువు రెరిగినదే. చంపానగరపు శ్రీమంతుల బిడ్డడైన సోణుడు భిక్షువై, అరికాళ్లు నెత్తురోడువరకు నడచుచు సాధనచేసెను. ఫలము కానక ఇల్లు చేరుదునా యని తలపోసెను. బుద్ధుడు అతని పూర్వపు వీణను గుర్తుచేసి, తంత్రులు మిక్కిలి బిగిసినను, మిక్కిలి వదులైనను నాదము పలుకదు గదా యనెను. తరువాతి ముచ్చట అంతగా ప్రచారములో లేదు. నీవు సుకుమారుడవు, పాదరక్షలు ధరింపుమని బుద్ధుడు అతని కొక్కనికి అనుమతి యిచ్చెను. సోణుడు చేతులు జోడించి, అంత సంపద విడిచివచ్చి చెప్పులకు ఆశపడెనని లోకులందురు, భిక్షుసంఘమున కంతటికి అనుమతించినచో నేనును ధరింతును, లేనిచో నాకు వలదని విన్నవించెను. బుద్ధుడు సంఘమున కంతటికిని అనుమతించెను.