మౌలాలి గుట్ట, మా ఇంటి పునాది

మేముండే కార్ఖానా ప్రాంతానికి మౌలాలి గుట్ట దాదాపు నేరుగా తూర్పున ఉంటుంది. రోడ్డు మీద పది కిలోమీటర్లకు మించదు. ఎత్తయిన భవనాలు అడ్డురాని డాబా ఎక్కితే, పొద్దు పొడిచే దిక్కున దాని నున్నటి వీపు కనిపిస్తుంది. సెలవులు వస్తే మా వీధిలోవాళ్ళు ఊటీకో మనాలీకో బయల్దేరతారు. వెళ్ళవలసిందే. మంచుకొండ ముందు నిలబడినప్పుడు మనిషికి తన కొలత తెలుస్తుంది. కానీ ఆ దూరపు కొండలు నన్నేమీ అడగలేదు. చూశాను, మొక్కాను, వచ్చేశాను. ఇంటి దగ్గరి గుట్ట అలా వదలదు. రోజూ కళ్ళెదుట ఉండి, నాకూ నీకూ ఏమిటి సంబంధం అని అడుగుతూనే ఉంటుంది.

వయసు చూసినా పెద్దరికం దీనిదే. హిమాలయాలు లేవడం మొదలై దాదాపు 5 కోట్ల ఏళ్ళు. మౌలాలి రాయి పుట్టి దాదాపు 250 కోట్ల ఏళ్ళు. భూమి లోపల, కిలోమీటర్ల లోతున, కరిగిన శిల నిదానంగా చల్లారి గ్రానైట్ అయింది. ఆ నిదానం వల్లే అందులోని స్ఫటికాలు కంటికి ఆనేంతగా ఎదిగాయి. మెట్ల పక్కన ఆగి బండకు ముఖం దగ్గరగా పెడితే గులాబి రంగు ఫెల్‌స్పార్, మధ్యమధ్య మెరిసే క్వార్ట్జ్ విడివిడిగా కనిపిస్తాయి. పైన కప్పి ఉన్న నేల కోట్ల ఏళ్ళుగా కొట్టుకుపోయి బరువు తగ్గేసరికి బండ ఉల్లిపొరల్లా విచ్చింది. నెర్రెల్లోకి నీరు దిగింది. మూలలు ముందుగా అరిగాయి, గుండ్లు గుండ్రబడ్డాయి.

మన చుట్టుపక్కల గుట్టల మీద ఒక గుండు మీద ఇంకో గుండు నిలబడి ఉంటే ఎవరో పేర్చినట్టు అనిపిస్తుంది. ఎవరూ పేర్చలేదు. అవి పుట్టినచోటే ఉన్నాయి. వాటి మధ్యనున్నదంతా పోయింది, పోనిది నిలిచింది. ఈ సంగతి తెలిసినప్పటి నుంచీ నా ఆలోచన దాన్ని వదలడం లేదు. బతుకంటే ఒకటొకటిగా సంపాదించి పేర్చుకోవడమనే లెక్కలో పెరిగాం మనం. అమ్మానాన్నా పోయాక, పిల్లలు వేరే ఊళ్ళకు వెళ్ళాక, పోనిదేమిటి అని చూసుకోవడం మొదలవుతుంది. ఆ లెక్క నాకు బడిలో ఎవరూ నేర్పలేదు. గుండ్ల పక్కన కూర్చున్నప్పుడు కొంత అర్థమైంది.

ఈ గుట్టను మనుషులు ప్రేమించడం కొత్తేమీ కాదు. ఇబ్రహీం కుతుబ్‌షా ఏలుబడిలో (1550–80) కొలువులోని యాకూత్ అనే సేవకుడికి కలలో హజ్రత్ అలీ ఈ గుట్ట మీద కనిపించారని, ఆయన చేతి గుర్తు బండ మీద దొరికిందని చెప్పుకుంటారు. ఆ నమ్మకం మీదే పైన దర్గా వెలిసింది. రజబ్ నెలలో ఉర్సు జరుగుతుంది. మొక్కులున్నవాళ్ళు ఏ మతంవాళ్ళయినా ఎక్కుతారు. మోకాళ్ళు పట్టేసినవాళ్ళు సగంలో కూర్చుని, ఊపిరి తీసుకుని, మళ్ళీ లేస్తారు.

గుట్ట పాదాన మహ్‌లఖా బాయి చందా సమాధి ఉంది. 1768లో పుట్టిన ఆమె ఉర్దూ కవయిత్రి, నిజాం కొలువులో గొప్ప గౌరవం అందుకున్న కళాకారిణి. నిజాంతో పాటు యుద్ధాలకు సైతం వెళ్ళిందంటారు. లోకం చూసిన మనిషి. అయినా తల్లి రాజ్ కువర్ బాయికి సమాధి కట్టించవలసి వచ్చినప్పుడు ఈ గుట్ట నీడనే ఎంచుకుంది. 1824లో తానూ తల్లి పక్కకే చేరింది. కొన్నేళ్ళ కిందట ఆ తోటను, కట్టడాలను బాగుచేశారు. మౌలాలి వెళ్ళేవాళ్ళు పైకెక్కి తిరిగి వచ్చేయకుండా అక్కడ కూడా కాసేపు ఆగాలని నా కోరిక.

పైకెక్కి పడమరకు తిరిగితే మల్కాజిగిరి ఇళ్ళు, వాటి వెనక కంటోన్మెంట్ చెట్లు. మా కార్ఖానా అటువైపే. గుట్ట మీది నుంచి మా ఇల్లు ఏదో పోల్చుకోలేను. కానీ దాని పునాది నాకు తెలుసు. సైజు రాళ్ళతో కట్టిన పాత పునాది. రంగు ఇదే, స్ఫటికాలు ఇవే. ఏ గుట్టను కొట్టి తెచ్చారో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఒక గుట్టను చూసి మురిసే నేను, పేరు తెలియని మరో గుట్ట ముక్కల మీద కాపురముంటున్నాను. మా ఇంటి స్లాబులో కలిసిన కంకరా ఎక్కడో ఒక గుట్టదే.

దీన్ని నేరమని అనుకోను. తల దాచుకోవడానికి ఇల్లు కావాలి, ఇంటికి రాయి కావాలి. కానీ వడ్డెరవాళ్ళు ఉలితో, సుత్తితో కొట్టిన రోజుల్లో ఒక గుట్ట తరగడానికి తరాలు పట్టేది. ఇప్పుడు పేలుడు మందు, డ్రిల్లు, క్రషర్ ఉంటే ఎంతోకాలం పట్టదు. బంజారాహిల్స్‌లో, జూబ్లీహిల్స్‌లో ఎన్ని గుండ్లు పోయాయో ఆ వీధుల్లో నడిస్తే తెలుస్తుంది. చెట్టు కొట్టినచోట చెట్టు నాటవచ్చు. చెరువు పూడ్చినచోట తవ్వి నీరు నింపవచ్చు. పగలగొట్టిన గుట్టను ఏ ప్రభుత్వమూ తిరిగి నిలబెట్టలేదు. అందుకే తెచ్చుకున్న రాయికి మన వైపు నుంచి బాకీ ఒకటి ఉందంటాను. మిగిలినవాటిని మిగలనివ్వడమే ఆ బాకీ తీర్చడం.

ఆ పని చేస్తున్నవాళ్ళు మన ఊళ్ళోనే ఉన్నారు. సొసైటీ టు సేవ్ రాక్స్ అనే సంస్థ 1996 నుంచి ఇక్కడి శిలల కోసం పాటుపడుతోంది, జనాన్ని వెంటబెట్టుకుని బండల మధ్య నడిపిస్తోంది. మౌలాలికి దర్గా అండ ఉంది. గుడీ దర్గా లేని గుట్టలకు మనుషుల అండే కావాలి.

మీ ఇంటికి దగ్గరలో ఇంకా ఒక గుట్ట మిగిలి ఉంటే పిల్లల్ని వెంటబెట్టుకుని ఎక్కండి. అక్కడివాళ్ళు దాన్ని ఏమని పిలుస్తారో అడగండి. నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసి, సర్వే నంబరు కనుక్కుని రాసిపెట్టుకోండి. పొక్లెయిన్ వచ్చిన రోజున ఫిర్యాదు కాగితంలో ముందుగా రాయవలసింది ఆ నంబరే.