గొంతు ఖరీదు

తన్ను అరగదీసిన విద్యను గురువు శిష్యుడికి నేర్పవచ్చునా? నేర్పితే శిష్యుడూ తనలాగే అరిగిపోతాడు. నేర్పకపోతే శిష్యుడికి ఆ వృత్తిలో కూడు పుట్టదు. ఇలాంటి ప్రశ్నను గాలిలో నిలబెట్టి చర్చించడంలో నాకు నమ్మకం లేదు గనక, ఒక మనిషి జీవితాన్ని ముందు పెట్టుకుని చర్చిస్తాను. ఆ మనిషి జిల్బేర్ డ్యూప్రే (1806-1896). పారిస్ ఆపెరాలో గాయకుడు, తర్వాత గాత్రం నేర్పే ఉపాధ్యాయుడు.

1837 ఏప్రిల్ 17న డ్యూప్రే పారిస్ ఆపెరా రంగస్థలం మీద రొసీనీ రచన 'గియోం టెల్'లో ఆర్నోల్డ్ పాత్ర పాడాడు. అంతకు ముందు ఫ్రాన్సులో టెనర్ గాయకులు ఒక ఎత్తు దాటాక నిండు గొంతు వదిలి సన్నగొంతులోకి జారుకునేవారు. మనవాళ్ళు దొంగగొంతు అనేదానికి అది దగ్గరి చుట్టం. కాని అక్కడ దాన్ని దొంగతనంగా ఎవరూ భావించలేదు. అదొక నాజూకు, అదొక సంస్కారం. డ్యూప్రే ఆ నాజూకును పక్కకు నెట్టి, తారస్థాయిలోని 'సి' స్వరాన్ని రొమ్ము చీల్చుకు వచ్చినట్లు నిండు గొంతుతో పలికాడు. ఇటలీలో 1831లోనే చేసిన పని అది. పారిస్ మాత్రం అప్పుడే విన్నది, విని వెర్రెత్తిపోయింది. స్వరకర్త రొసీనీకి మాత్రం ఆ కేక పీక కోస్తున్న కోడిపుంజు అరుపులా వినిపించిందట!

అప్పటికి పదకొండేళ్ళుగా ఆ ఆపెరాలో ప్రథమ గాయకుడు అడోల్ఫ్ నూరీ. ఆర్నోల్డ్ పాత్రను 1829లో మొట్టమొదట పాడినవాడు ఆయనే. డ్యూప్రేతో సమానంగా స్థానం పంచుకోమంటే ఇష్టపడక రాజీనామా ఇచ్చి, ఏప్రిల్ 1న వీడ్కోలు ప్రదర్శన ఇచ్చి వెళ్ళిపోయాడు. తర్వాత ఇటలీ వెళ్ళి దోనిజెత్తి దగ్గర కొత్త పద్ధతిలో గొంతు మలచుకోబోయాడు. కొత్తది పూర్తిగా పట్టుబడలేదు, పాతదానిలోని వన్నెలు చేజారిపోయాయి. 1839 మార్చి 8న నేపుల్స్‌లో కిటికీలోంచి దూకి ప్రాణం తీసుకున్నాడు. అప్పటికాయనకు ముప్పై ఏడేళ్ళు. శవాన్ని ఫ్రాన్సుకు తెస్తుండగా మార్సేల్స్‌లో జరిగిన ప్రార్థనలో ఆర్గన్ వాయించినవాడు షోపెన్.

ఇక్కడ మన అభ్యుదయవాదులకు ఒక ప్రలోభం ఎదురవుతుంది. 1830 జూలై విప్లవంలో నూరీ బారికేడ్ల దగ్గరకు పోయి 'మార్సెయేజ్' పాడినవాడు. సంగీతం సామాన్య ప్రజలకు అందాలని కలలు కన్నవాడు. డ్యూప్రేకు ఇలాంటి చరిత్ర ఏమీ లేదు. నూరీని అమరవీరుణ్ణి చేసి, డ్యూప్రేను గొంతుబలం చూపే వస్తాదుగా తీసిపారేస్తే మన పని సులువైపోతుంది. నేనందుకు ఒప్పుకోను. ఆ స్వరం ఎక్కడ వస్తుందో చూడండి. పరాయి పాలకుడి చేతిలో తండ్రిని పోగొట్టుకున్న ఆర్నోల్డ్ తన స్విస్ సహచరులను ఆయుధాలు పట్టమని పిలిచే ఘట్టంలో వస్తుంది. ఆ పిలుపు నాజూకుగా ఉంటే ఎవడు కదులుతాడు? బారికేడ్ల మీద పాడిన మనిషి ఆ పిలుపును దర్బారు మర్యాదతో పాడగా, రాజకీయం అంటని మనిషి దానికి తిరుగుబాటు గొంతునిచ్చాడు. కళలో ఇలాంటి తలకిందుల వ్యవహారం కద్దు. వ్యక్తి అభిప్రాయాలను బట్టి కళను తూచే విమర్శకులకు ఇది మింగుడుపడదు.

మరి తప్పెవరిది? 1831 నుంచి ఆ ఆపెరా ప్రభుత్వ గ్రాంటు పుచ్చుకుంటూ, లాభనష్టాలు భరించే ప్రైవేటు కాంట్రాక్టర్ల చేతిలో నడిచింది. మొదటివాడు వెరోన్ అనే వ్యాపారదక్షుడు. చప్పట్లు కొట్టడానికి కూలికి మనుషులుండేవారు. తనంతట తాను పాట అమ్ముకునే గాయని వేరు, లాభం కోసం పాడించే యజమాని దగ్గర పనిచేసే గాయని వేరు అని మార్క్సు 'మిగులు విలువ సిద్ధాంతాల'లో విడమరిచాడు. రెండో ఆమె పెట్టుబడిని పెంచే శ్రామికురాలు. నేను దీనికి ఒక మాట చేర్చదలిచాను. మిల్లులో మగ్గం అరిగితే యజమాని కొత్త మగ్గం తెప్పించుకోవాలి. గాయకుడి విషయంలో పనిముట్టు అతని ఒంట్లోనే ఉంది. అది అరిగితే యజమానికి పోయేది లేదు, కొత్త గాయకుణ్ణి తెచ్చుకుంటాడు. నూరీని ఎవరూ తరమనక్కరలేకపోయింది. డ్యూప్రేను పిలిస్తే సరిపోయింది.

డ్యూప్రే వంతు కూడా వచ్చింది. లియోన్ వైద్యులు దిదే, పెత్రెకాఁ ఈ కొత్త గొంతును పరిశీలించి 1840లోనే ఒక పత్రం రాశారు. పాత పద్ధతిలో స్వరం పైకి పోయేకొద్దీ స్వరపేటిక కూడా పైకి లేస్తుంది. ఇందులో అది కిందనే బిగిసి నిలబడుతుంది. అందుకు ఊపిరి బలం హెచ్చుగా కావాలి. ఈ శ్రమ ఫలితం 1840ల నడుమకే డ్యూప్రే గొంతులో వినిపించసాగింది. ఆయన 1849లో ఆపెరా రంగస్థలం విడిచాడు.

ఇందులో నన్ను ఆకర్షించిన విషయం వేరే ఉంది. 1842లోనే ఆయన పారిస్ కన్సర్వేటరీలో ఉపాధ్యాయుడు. అంటే ఏడేళ్ళపాటు ఒకే మనిషి పాఠం చెబుతూనే, ఆ పాఠం ఖరీదు ఎంతో రంగస్థలం మీద బాహాటంగా చూపిస్తూ వచ్చాడు. గురువు గొంతు ఏమైపోతోందో తెలియాలంటే శిష్యులు ఒక టిక్కెట్టు కొనుక్కుంటే చాలు. ఏ పాఠ్యగ్రంథమూ ఇంత నిజాయితీగా ఉండదు!

1850లో కన్సర్వేటరీ వదిలి, 1853లో సొంత పాఠశాల పెట్టాడు. ఆయన శిష్యురాలు కరోలిన్ మియోలాఁ-కార్వాలో 1859లో గూనో 'ఫౌస్ట్'లో తొలి మార్గరీత్. బలానికి కాక, సున్నితమైన పలుకుకూ గమకాల తేటదనానికీ పేరు మోసిన గాయని. తన కూతురు కరోలిన్‌కు కూడా ఆయనే నేర్పాడు, ఆమె పేరున్న గాయని అయింది. తన బిడ్డకు పెట్టని కూడు పరాయి బిడ్డలకు పెట్టలేదన్నమాట. ఆడగొంతుకు ఆ స్వరం సమస్యే కాదు గదా, ఈ ఉదాహరణలు చెల్లవు అని ఎవరైనా అనవచ్చు. సగం చెల్లవు, నిజమే. అయితే ఆయన తన కేకనే పాఠంగా మార్చి అందరి మీదా రుద్దలేదనడానికి ఈ సాక్ష్యం చాలు.

నేనూ పాఠాలు చెప్పుకు బతికేవాణ్ణే గనక ఈ విషయంలో తటస్థుణ్ణి కాను. బజారు అడిగే విద్యను నేర్పనని భీష్మించే గురువు తన చేతులు శుభ్రంగా ఉంచుకుంటాడు, శిష్యుడి కడుపు మాడుస్తాడు. ఆ విద్యనే పరమధర్మమని కీర్తించే గురువు అంతకంటె ప్రమాదకారి. "కళకోసం బలి" అనే మాట ఉపాధ్యాయుడి నోట వచ్చినప్పుడల్లా నాకు అనుమానమే, ఎందుకంటే అందులో బలి అయ్యేది వినేవాడు గాని చెప్పేవాడు కాదు.

ఇక ఆ స్వరం సంగతి. దోనిజెత్తి 1840లో పారిస్‌లో ప్రదర్శింపజేసిన 'రెజిమెంటు కూతురు'లో ఒకే పాటలో తొమ్మిది 'సి'లున్నాయి. వాటిని సన్నగొంతుతో పాడే అలవాటు పూర్తిగా చావని రోజులవి. 1972లో న్యూయార్కు మెట్రపాలిటన్‌లో పవరోత్తి ఆ తొమ్మిదింటినీ నిండు గొంతుతో పలికి ప్రపంచ ప్రఖ్యాతుడయ్యాడు. ఇప్పుడు ఆ పాత్ర కోరి వచ్చే కుర్రవాడికి ఆ తొమ్మిదీ మొదటి పరీక్ష.