పెంచిన చేతి ఋణము

శిశువు మొట్టమొదట ఎవరిని తనవారినిగా ఎన్నుకొనును? ఆ ఎన్నికకు రక్తము ప్రమాణమా, స్తన్యము ప్రమాణమా, లేక జ్వరము వచ్చిన రాత్రి తెల్లవార్లు భుజముపై మోసిన చేయి ప్రమాణమా? మస్కటు నగరమున నివసించు తెలుగువారికి ఇది గ్రంథములలో మాత్రమే ఎదురగు ప్రశ్న కాదు. గోదావరి లంకలనుండియు, కడప, రాయచోటి ప్రాంతములనుండియు వచ్చి, తాము ‘కద్దామా పని’ యని చెప్పుకొను గృహసేవలో చేరి, ఒమానీ కుటుంబముల పసిబిడ్డలను పెంచుచున్న మన స్త్రీలు ఇచ్చట ఎందరో కలరు.

ఖురం ఉద్యానమున ఒక సాయంకాలము, తలపై కుట్టుపని చేసిన చిన్ని కుమ్మా టోపీతో ఆడుకొనుచున్న ఏడాదిన్నర బాలునకు నేనొక ఖర్జూరము అందింపబోతిని. బాలుడు తీసికొనలేదు, ఏడ్వనూ లేదు. కన్నతల్లి ప్రక్కనే కూర్చుండియున్నను ఆమెవంక చూడక, రాజోలు ప్రాంతమునుండి వచ్చిన దాదివంక తిరిగి ఆమె ముఖమును పరికించెను. “తీసుకో నాన్నా” అని ఆమె తెలుగున అన్న పిమ్మటనే వాని చేయి ముందుకు వచ్చినది. ఆమె కన్నకొడుకు స్వగ్రామమున అమ్మమ్మయొద్ద పెరుగుచున్నాడు. సెలవుపై ఇంటికి పోయినపుడు వాడు అమ్మమ్మ చీరచాటున దాగి కొన్ని దినములవరకు తనవద్దకు రాలేదని, ఆ మాటను మాత్రము తలవంచుకొని చెప్పినది.

జాన్ బౌల్బీ అను ఆంగ్ల వైద్యుడు 1969లో ప్రకటించిన గ్రంథమున, శిశువుయొక్క అనురాగము ప్రధానముగా ఒక్క వ్యక్తియందే లగ్నమగునని వాదించెను. ఆయనయే బాల్యమున మిన్నీ అను దాది చేతులలో పెరిగి, నాలుగేండ్ల ప్రాయమున ఆమె ఇల్లు విడిచిపోగా, తల్లిని పోగొట్టుకొన్నంత దుఃఖము ననుభవించితినని తరువాతి కాలమున తలచుకొనెను. ఆయన సహపరిశోధకురాలు మేరీ ఐన్స్‌వర్త్ 1954–55లో ఉగాండాలోని కంపాలా సమీప గ్రామములందు 26 కుటుంబముల శిశువులను పరిశీలించి, పిమ్మట అమెరికాలోని బాల్టిమోరులో ఒక పరీక్షను కల్పించెను: తల్లి కొన్ని నిమిషములు గది వెడలును, అపరిచిత ఒకతె లోపల నుండును, తల్లి మరలి వచ్చినపుడు శిశువు ఏమి చేయునో చూతురు. ఆ పరీక్షలో జపానులోని సప్పోరో శిశువులు తల్లిని విడిచి యెరుగనివారగుటచే ఊరడిల్లనంతగా ఏడ్చిరి. జర్మనీలోని బీలెఫెల్డు శిశువులలో అనేకులు, చిన్ననాటినుండి స్వావలంబనము నేర్పబడినవారగుటచే, మరలివచ్చిన తల్లిని పట్టించుకొనరైరి. 1988లో 8 దేశముల పరిశోధనలను కూర్చి చూచినపుడు, దేశదేశములమధ్య నున్న భేదముకన్న ఒకే దేశములోని భేదమే అధికమని తేలినది. అయితే ఆ పరీక్ష జరుగు గదిలో ఒక తల్లికిని ఒక అపరిచితకును తప్ప తావు లేదు. అమ్మమ్మకు, పిన్నికి, దాదికి అందు పేరే లేదు. రాజోలు బాలుడు అమ్మమ్మ చీరచాటున దాగుట బంధలోపము కాదనియు, బంధము చక్కగా నెలకొనుటయే యనియు నా దృఢవిశ్వాసము.

ఇస్లాము ఈ విషయమున మనకన్న నిశ్చితముగా శాసించినది. ఖురాను నాలుగవ అధ్యాయము పాలిచ్చిన స్త్రీని తల్లులలో చేర్చి, ఆమె కుమార్తెతో వివాహమును నిషేధించినది. రెండవ అధ్యాయము స్తన్యదానమునకు పూర్తిగా రెండేండ్ల గడువు పేర్కొన్నది. తనకు పాలిచ్చి పెంచిన హలీమా వచ్చినపుడు ప్రవక్త తన పైవస్త్రమును పరచి ఆమెను కూర్చుండబెట్టెనని సంప్రదాయము చెప్పును. అయితే పాలీయక, ఎత్తుకొని పెంచిన చేతికి ఈ బాంధవ్యము వర్తింపదు. 1970లో బానిసత్వము రద్దగువరకు ఒమాను దేశమున ఆ చేయి తరచు బానిసస్త్రీది. ఒమానీ రచయిత్రి జోఖా అల్ హార్థీ నవలలో తల్లిలేని అబ్దుల్లాను పెంచిన జరీఫా అట్టిదే. 2019లో అంతర్జాతీయ మాన్ బుకర్ పురస్కారమందిన ఆ గ్రంథమున ఆ అనురాగఋణమునకు పేరు లేకపోవుటయే నన్ను మిక్కిలి కలచివేసినది. నేటి గృహసేవకురాలి ఒప్పందము కూడ సాధారణముగా రెండేండ్లే. శిశువు ఆమెను తనదిగా చేసికొనిన సరిగా ఆ సమయముననే ఆమెకు విమానము సిద్ధమగును.

అనురాగము బంధహేతువనియు, బంధము విడువవలసినదే యనియు వేదాంతి యనవచ్చును. కాని శంకరులు సైతము తల్లి అనుమతి పొందియే సన్న్యసించిరనియు, అంత్యకాలమున వచ్చెదనని మాటయిచ్చి, సన్న్యాసియై యుండియు ఆమెకు అంత్యక్రియలు చేసిరనియు మన సంప్రదాయము చెప్పుచున్నది. వియోగము తప్పదు, చెప్పి పోవుటయో, చెప్పక పోవుటయో మాత్రము మన చేతిలోనిది. శిశువును గాయపరచునది చేతులు పెక్కుండుట కాదు, అలవాటుపడిన చేయి అకస్మాత్తుగా మాయమగుట.

బిడ్డ నిద్రించువేళ దాదిని విమానాశ్రయమునకు పంపివేయు ఆచారము కొన్ని యిండ్లలో కలదు. ఏడుపు చూడలేకయే అట్లు చేయుదురు, అది క్రౌర్యము కాదు. అయినను మేల్కొని ఆమెకై గదిగది వెదకువాడు ఆ బిడ్డయే. క్రొత్త స్త్రీ వచ్చిన తరువాత పాత స్త్రీ కొన్ని వారములైన కలిసియుండుట, పోవునపుడు బిడ్డను ఎత్తుకొని చెప్పి పోవుట, పోయిన పిమ్మట ఫోనులో ఆమె ముఖము వానికి చూపుట, ఇవి ధనవంతులైన గృహస్థులకు అసాధ్యములు కావు. ఒమాను 2023లో చేసిన క్రొత్త కార్మికశాసనము తల్లికి 98 దినముల ప్రసూతి సెలవు నొసగినది. పెంచిన దాదికి ఆ కొన్ని వారములను ఒప్పందములోనే వ్రాసి, వాటికి జీతమిచ్చుట తరువాత జరుగవలసిన పని.